యూ-బోటు లోతుకు మూడు అంకెలు

పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మాయినీ, దాని కొడుకునూ వెంటబెట్టుకుని విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సుర జలాంతర్గామి మ్యూజియానికి వెళ్లాను. లోపలి ఇరుకు నడవలో ఒకరి వెనుక ఒకరం నడుస్తుండగా మా మనవడు, "తాతయ్యా, ఇది ఎంత లోతుకు వెళ్లేది?" అని అడిగాడు. ముప్పై రెండేళ్లపాటు బాయిలర్లు, ఒత్తిడి ట్యాంకులు తయారుచేసే వర్క్‌షాపుల్లో తనిఖీ పని చేసినవాణ్ణి కాబట్టి, ఆ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఒక బాయిలరును ఎంత ఒత్తిడి దాకా వాడవచ్చునని ఎవరైనా అడిగితే మా వృత్తిలో మూడు అంకెలు తలచుకుంటాం. ఒకటి రోజువారీ వాడుకలో దాటకూడని ఒత్తిడి. రెండోది, కట్టిన తరువాత నీళ్లు నింపి పరీక్షించే ఒత్తిడి. ఇది చాలాకాలంగా మొదటి దానికి ఒకటిన్నర రెట్లు. మూడోది, ఉక్కు నిజంగా లొంగిపోయే ఒత్తిడి. దీన్ని కాగితం మీద లెక్క కడతామే తప్ప కళ్లతో చూడాలని ఎవరూ కోరుకోరు. జలాంతర్గామికీ ఇవే మూడు అంకెలు ఉంటాయి. వాటి మధ్య ఉన్న ఎడం ఎందుకు పెడతారో, దాన్ని తినేస్తూ పోతే ఏమవుతుందో రెండో ప్రపంచ యుద్ధంలోని జర్మన్ జలాంతర్గాములు, అంటే యూ-బోట్లు, చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదని నా నమ్మకం.

ఆ యుద్ధంలో జర్మనీ అన్నిటికంటే ఎక్కువ సంఖ్యలో కట్టిన పడవ టైప్ 7సీ అనే రకం. ఇవి 560కి పైగా నౌకాదళంలో చేరాయి. పొడవు 67 మీటర్లు, నీటిపైన ఉన్నప్పుడు బరువు 769 టన్నులు, లోపల 44 నుంచి 52 మంది మనుషులు. ఫొటోల్లో మనకు కనిపించే పదునైన ముక్కు, వెడల్పయిన పైతట్టు, పక్కలకు ఉబ్బిన ట్యాంకులు అన్నీ నీరు స్వేచ్ఛగా వచ్చిపోయే పలుచని రేకు పనే. మనుషులు, ఇంజన్లు, బ్యాటరీలు ఉండేది వీటి లోపల ఉన్న మరో గొట్టంలో. దాన్ని ప్రెషర్ హల్ అంటారు. దాని మధ్యభాగం అడ్డుకొలత 4.7 మీటర్లు, ఉక్కు మందం 18.5 మిల్లీమీటర్లు. మనుషుల ప్రాణాలకూ సముద్రానికీ మధ్య ఉన్నది రెండు సెంటీమీటర్లకు కూడా చాలని ఆ పలక ఒక్కటే.

ఆ గొట్టానికి జర్మన్ ఇంజనీర్లు పెట్టుకున్న రూపకల్పన లోతు 100 మీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లయిన 150 మీటర్లు పరీక్ష లోతు. రెండున్నర రెట్లయిన 250 మీటర్ల దగ్గర గొట్టం నలిగిపోతుందని వారి లెక్క. ఈ మూడు అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో హైస్కూలు గణితంతోనే సరిచూడవచ్చు. నేను ఆ పని చేసి చూశాను.

నేలబావిలో ఈత నేర్చుకున్నవారికి రెండు నిలువుల లోతులో చెవులు నొప్పెట్టడం తెలిసే ఉంటుంది. పది మీటర్ల నీటికి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా ఒక కిలో చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ఉప్పునీరు కాస్త బరువు కనుక సముద్రంలో ఇంకొంచెం ఎక్కువ. 250 మీటర్ల దగ్గర అది చదరపు సెంటీమీటరుకు 25.6 కిలోలు, అంటే ఒక చదరపు మీటరు పలక మీద 250 టన్నులకు పైచిలుకు. ఇప్పుడు ఆ గొట్టాన్ని పొడవునా రెండు చెక్కలుగా చీల్చినట్టు ఊహించుకోండి. పై చెక్కను కిందికి నొక్కే బలమంతా 4.7 మీటర్ల వెడల్పు మీద పడుతుంది, దాన్ని మోసేది రెండు అంచుల్లోని 18.5 మిల్లీమీటర్ల ఉక్కు మాత్రమే. 4,700 మిల్లీమీటర్లను 37తో భాగిస్తే 127 వస్తుంది. అంటే బయట నీటి ఒత్తిడి ఎంత ఉంటే ఉక్కులో దానికి 127 రెట్ల ఒత్తిడి పుడుతుంది. 100 మీటర్ల లోతులో అది చదరపు మిల్లీమీటరుకు 13 కిలోలు, 250 మీటర్ల లోతులో ముప్పై రెండున్నర కిలోలు. ఆనాడు జర్మన్లు వాడిన ఎస్‌టీ 52 రకం ఉక్కు పేరులోనే దాని బలం ఉంది: అది చదరపు మిల్లీమీటరుకు 52 కిలోల దగ్గర తెగుతుంది, కానీ 36 కిలోల దరిదాపుల్లోనే సాగి, మళ్లీ పాత ఆకారానికి రాకుండా లొంగిపోతుంది. ఇంత పెద్ద యుద్ధనౌక భవితవ్యం ఒక భాగహారంలోకి ఇమిడిపోవడం మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను.

అయితే 32కూ 36కూ మధ్య ఇంకా ఖాళీ ఉంది కదా, మరి 250కే నలిగిపోతుందని ఎందుకు అనుకున్నారు అని ఎవరైనా అడగవచ్చు. దానికి జవాబు నేను వృత్తిలో ఒకసారి కళ్లారా చూశాను. ఒక కర్మాగారంలో మనిషి కంటే రెండింతలు ఎత్తున్న గుండ్రని ట్యాంకు ఒకటి ఉండేది. దాని లోపల చదరపు సెంటీమీటరుకు మూడు కిలోల ఒత్తిడి పెట్టి నెలక్రితమే పరీక్షించాం, ఒక్క చుక్క కూడా కారలేదు. శుభ్రం చేయడానికని దానిలోకి ఆవిరి పట్టి, పైన గాలి లోపలికి వచ్చే వాల్వును తెరవకుండానే పనివాళ్లు భోజనానికి వెళ్లారు. ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన కురిసింది. ట్యాంకు చల్లబడి లోపలి ఆవిరి నీరైపోగానే, ఫిరంగి పేలినట్టు ఒక్క శబ్దం వచ్చింది. మేము పరుగెత్తుకు వెళ్లేసరికి అది పిడికిట్లో నలిపి పారేసిన కాగితపు పొట్లంలా పడి ఉంది. దాన్ని నలిపింది మనం రోజూ పీల్చే గాలి ఒత్తిడి, చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో.

లోపలి నుంచి తోసే ఒత్తిడి గొట్టాన్ని ఇంకా గుండ్రంగా చేస్తుంది, దాని లోపాలను సరిదిద్దుతుంది. బయటి నుంచి నొక్కే ఒత్తిడి గుండ్రంలో ఎక్కడ పిసరంత తేడా ఉందో వెతికి పట్టుకుని ఆ తేడాను పెంచుతుంది; పెరిగిన తేడా మీద మరింత బలంగా నొక్కుతుంది. అందుకే జలాంతర్గామి గొట్టానికి లోపల పొడవునా దగ్గరదగ్గరగా ఉక్కు చట్రాలు, మన పక్కటెముకల్లాగా, అతికిస్తారు. అయినా గొట్టం మూడు రకాలుగా ఓడిపోవచ్చు. పలక ఉక్కు లొంగిపోవచ్చు, రెండు చట్రాల మధ్య పలక లోపలికి సొట్టపడవచ్చు, లేదా చట్రాలతో సహా గొట్టమంతా ఒక్కసారిగా కూలిపోవచ్చు. ఈ మూడింటిలో ఏది ముందు వస్తుందో తేల్చేవి వెల్డింగు నాణ్యత, రోలింగులో వచ్చిన వంకర, తుప్పు తినేసిన మందం. 18.5 మిల్లీమీటర్ల పలకలో ఒక్క మిల్లీమీటరు తుప్పుకు పోతే బలంలో ఇరవయ్యో వంతు పోయినట్టే. కొత్త పడవకు 250 అయిన లోతు, మూడేళ్లు ఉప్పునీటిలో తిరిగిన పడవకు 250 కాదు.

రెండున్నర రెట్ల ఎడం పెట్టడానికి ఇంకో కారణం ఉంది. జలాంతర్గామి ఒక లోతులో కొలబద్ద మీద గీతలా నిలబడి ఉండదు. 67 మీటర్ల పడవ ముప్పై డిగ్రీలు ముక్కు వంచితే, మధ్యలో ఉన్న లోతు సూచికలో కనిపించే అంకె కంటే ముక్కు దాదాపు 17 మీటర్లు కింద ఉంటుంది. 7 నాట్ల (గంటకు సుమారు 13 కిలోమీటర్ల) వేగంతో వెళ్తున్నప్పుడు వెనుక చుక్కాని రెక్కలు కిందికి వంగి బిగుసుకుపోయి పడవ ఇరవై డిగ్రీలు వాలిందనుకుందాం; ఒక్క నిమిషంలో అది 70 మీటర్లకు పైగా దిగిపోతుంది. 100 మీటర్ల దగ్గర ఈ పొరపాటు జరిగితే మనుషులు బతుకుతారు, 200 దగ్గర జరిగితే బతకరు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే చాలా వ్యాసాల్లో ఇది తప్పుగా వస్తోంది. అదే కాలపు అమెరికన్ బలావో, టెంచ్ తరగతుల జలాంతర్గాముల లోతు 400 అడుగులు, అంటే సుమారు 122 మీటర్లు. 122 కంటే 100 చిన్నది కాబట్టి అమెరికన్ పడవలే ఎక్కువ లోతుకు వెళ్లేవని కొందరు రాస్తారు. అలా పోల్చడం సరికాదు. అమెరికన్ల 122 మీటర్లు పరీక్ష లోతు, జర్మన్ల 100 మీటర్లు రూపకల్పన లోతు. పరీక్ష లోతులనే పక్కపక్కన పెడితే అమెరికన్ పడవది 122, జర్మన్ పడవది 150. 1971 డిసెంబరులో మన విశాఖ తీరానికి కొద్ది దూరంలో మునిగిపోయిన పాకిస్తానీ జలాంతర్గామి ఘాజీ కూడా ఈ టెంచ్ తరగతిదే, పాత పేరు డయాబ్లో. ఏ పడవ లోతు గురించి చదివినా, ఆ అంకె మూడింటిలో ఏదో, దాని వెనుక ఎన్ని రెట్ల ఎడం ఉందో తెలియనిదే దాన్ని మరొక దానితో పోల్చకూడదు.

యుద్ధం మొదలైనప్పుడు ఈ ఎడం క్షేమం కోసమే ఉండేది. కొద్దికాలానికే అది దాక్కునే చోటుగా మారిపోయింది. కారణం లెక్కలోనే ఉంది. బ్రిటిష్ నౌకలు వెనుక నుంచి జారవిడిచే డెప్త్ చార్జ్ అంటే 130 కిలోల పేలుడు పదార్థం నింపిన పీపా. అది సెకనుకు మూడు మీటర్ల చొప్పున మునిగి, ముందే నిర్ణయించిన లోతులో పేలేది. గొట్టాన్ని చీల్చాలంటే అది ఆరేడు మీటర్ల దగ్గరలో పేలాలి. నౌక పడవ నెత్తి మీదికి చేరేసరికి దాని ధ్వని యంత్రానికి పడవ జాడ తప్పిపోయేది. పడవ ఎంత లోతున ఉంటే ఆ గుడ్డి దూరం అంత పెరిగేది. పీపా 200 మీటర్లు దిగడానికి నిమిషం పైగా పడుతుంది, ఆ నిమిషంలో నాలుగు నాట్లతో నడిచే పడవ 120 మీటర్ల అవతలకు పోతుంది. లోతు పెరిగేకొద్దీ పడవ బతికే అవకాశం పెరుగుతుంది, గొట్టం బతికే అవకాశం తగ్గుతుంది. పైన పీపాలు పేలుతున్న గంటల్లో కెప్టెన్లు ఈ రెండింటి మధ్య బేరీజు వేసుకుని 150 దాటారు, 200 దాటారు, కొందరు ఇంకా కిందికి పోయారు.

బ్రిటిష్ వారికి ఈ సంగతి చాలాకాలం పూర్తిగా తెలియలేదు. 1941 ఆగస్టు 27న ఐస్‌లాండ్‌కు దక్షిణాన యూ-570 అనే పడవ సరిగ్గా ఒక హడ్సన్ విమానం కింద నీటిపైకి తేలి, బాంబుల దెబ్బకు లొంగిపోయింది. దాన్ని ఒడ్డుకు లాగి, బాగుచేసి, గ్రాఫ్ అని పేరు పెట్టి తమ నౌకాదళంలోనే చేర్చుకున్నారు. గొట్టం మందం కొలిచి, చట్రాలు పరిశీలించి, నీటిలో నడిపి చూశాక, ఈ పడవలు తాము అనుకున్నదానికంటే బాగా కిందికి పోగలవనీ, డెప్త్ చార్జీలను ఇంకా లోతుకు సరిచేయాలనీ గ్రహించారు. ఒక తనిఖీదారుగా నాకు ఆ బ్రిటిష్ ఇంజనీర్ల మీద గౌరవం కలుగుతుంది. శత్రువు ఆయుధం చేతికి చిక్కగానే వారు చేసిన మొదటి పనుల్లో ఒకటి పలక మందం కొలవడం.

లోతుకు పోయి తిరిగివచ్చిన వారి కథల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోచేది యూ-331 కథ. 1941 నవంబరు 25న మధ్యధరా సముద్రంలో, ఈజిప్టు తీరానికి ఉత్తరాన, ఫాన్ టీసెన్‌హౌసెన్ అనే కెప్టెన్ బర్హామ్ అనే బ్రిటిష్ యుద్ధనౌక మీద నాలుగు టార్పెడోలు వదిలాడు. మూడు తగిలాయి. కొద్ది నిమిషాల్లో ఆ నౌక పక్కకు ఒరిగి, మందుగుండు గది పేలి, 800 మందికి పైగా మనుషులతో మునిగిపోయింది. టార్పెడో ఒక్కొక్కటి ఒకటిన్నర టన్నులు. నాలుగు ఒక్కసారి వెళ్లిపోగానే ముందుభాగం తేలికై, పడవ తన ప్రమేయం లేకుండా నీటిపైకి వచ్చేసింది. పక్కనే ఉన్న వేలియంట్ అనే మరో యుద్ధనౌక దాన్ని ఢీకొట్టడానికి తిరిగింది. పడవలోని వారు ఉన్న నీటి ట్యాంకులన్నీ నింపి కిందికి దూకారు. పడవ దిగుతూ పోయింది, లోతు సూచిక ముల్లు మాత్రం ఒకచోట ఆగిపోయింది. పడవ నిలబడిందని వారు అనుకున్నారు. నిజానికి ఆ సూచికకు నీరు చేరవేసే గొట్టంలోని వాల్వు మూసి ఉంది. మరో చోట ఉన్న సూచికను చూసేసరికి పడవ సుమారు 265 మీటర్ల లోతులో ఉంది. కాగితం మీద అది బతికి ఉండకూడని లోతు.

గొట్టం నిలిచింది. సంపీడిత గాలితో ట్యాంకులు ఊది పైకి వచ్చారు. ఈ కథను జర్మన్ ఉక్కు గొప్పతనంగా చెప్పుకునేవారు ఉన్నారు. నేను దాన్ని అలా చదవలేను. ఆ ఒక్క పడవ పలక లెక్కలో అనుకున్నదానికంటే కొంచెం మందంగా, కొంచెం గుండ్రంగా ఉండి ఉంటుంది. పక్క షెడ్డులో కట్టిన మరో పడవ అదే లోతులో నలిగిపోయి ఉండేది. యూ-331 కూడా ఏడాది తిరగకుండానే, 1942 నవంబరులో అల్జీర్స్ దగ్గర విమానాల దాడిలో మునిగిపోయింది.

బర్హామ్‌ను ముంచిన రోజున యూ-331 అంత త్వరగా అంత కిందికి ఎందుకు పడిపోయిందో చెప్పడానికి జలాంతర్గామి మనుషులు కొత్తవారికి చూపించే ఒక ప్రయోగం ఉంది. నీటిపైన ఉన్నప్పుడు గొట్టం ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒక దారం బిగించి కడతారు. లోతుకు దిగేకొద్దీ ఆ దారం వదులై మధ్యలో వేలాడుతుంది, ఎందుకంటే గొట్టమే సన్నబడుతుంది. సన్నబడిన గొట్టం తక్కువ నీటిని తొలగిస్తుంది, అంటే తేలే బలం తగ్గుతుంది. 50 మీటర్ల దగ్గర సరిగ్గా తూకంలో ఉన్న పడవ 200 మీటర్ల దగ్గర అదే బరువుతోనే కిందికి లాగబడుతుంది. ఇంత కిందికి వచ్చాక ట్యాంకుల్లోని నీటిని తోసేయడానికి పైన అవసరమైనదానికంటే ఎన్నో రెట్లు గాలి కావాలి. 250 మీటర్ల దగ్గర ఒక ట్యాంకు ఖాళీ చేయడానికి నీటిపైన చాలే గాలికి 26 రెట్లు పడుతుంది. సీసాల్లో ఉన్న గాలి ఎంతో అంతే. లోతు దానంతట అదే లోతును పెంచుతుంది, బయటికి రావడానికి ఉన్న ఒకే సాధనాన్ని తగ్గిస్తుంది. బాయిలరు పనిలో ఇలాంటి గుణం నేనెక్కడా చూడలేదు. అక్కడ ప్రమాదం పెరిగితే సేఫ్టీ వాల్వు తెరుచుకుంటుంది. సముద్రానికి సేఫ్టీ వాల్వు లేదు.

230 మీటర్లకు పోయి వచ్చాం, 250 కూడా చూశాం అని చెప్పిన కథలన్నీ తిరిగివచ్చినవారు చెప్పినవే. తిరిగిరాని పడవల లాగ్ పుస్తకాలు వాటితోపాటే అడుగున ఉన్నాయి. యూ-బోట్లలో సముద్రానికి వెళ్లినవారు సుమారు 40,000 మంది, చనిపోయినవారు సుమారు 30,000. వారిలో ఎందరు పీపా దెబ్బకు పోయారో, ఎందరు దాన్ని తప్పించుకోవడానికి దిగిన లోతులో పోయారో లెక్క వేసే మార్గం లేదు. మన దేశస్థులు ఎక్కిన యూ-180నే తీసుకోండి. 1943 ఫిబ్రవరిలో జర్మనీలోని కీల్ రేవు నుంచి బయలుదేరిన ఆ పడవలో సుభాష్ చంద్రబోసు, ఆయన వెంట మన హైదరాబాదు వాడైన ఆబిద్ హసన్ పదకొండు వారాలు గడిపారు. ఏప్రిల్ 28న మడగాస్కర్ సమీపాన పోటెత్తిన సముద్రంలో రబ్బరు తెప్ప మీద జపాను జలాంతర్గామి ఐ-29లోకి మారారు. ఆబిద్ హసన్ యుద్ధం తరువాత మన రాయబారిగా పనిచేసి, హైదరాబాదులోనే కాలం చేశారు. ఆయన్ని మోసిన యూ-180 మాత్రం 1944 ఆగస్టులో బిస్కే అఖాతంలో 56 మందితో మాయమైంది. మందుపాతర తగిలి ఉంటుందని ఎక్కువమంది అంచనా. దాని ఆఖరి లోతు ఏ పుస్తకంలోనూ లేదు.

గొట్టం ఒక్కటే నిలిస్తే చాలదన్నది నేను మా కుర్రాళ్లకు పదేపదే చెప్పిన మాట. ఏ ట్యాంకులోనైనా ముందుగా తప్పు జరిగేది పలకలో కాదు, పలకకు పెట్టిన రంధ్రం దగ్గర. జలాంతర్గామి గొట్టానికి ఎన్ని రంధ్రాలో ఆలోచించండి: టార్పెడో గొట్టాలు, మనుషులు దిగే మూతలు, పెరిస్కోపు, ప్రొపెల్లరు ఇరుసులు, డీజిల్ పొగ గొట్టాలు, ఇంజను చల్లబరిచే నీటి పైపులు. ప్రతిదాని దగ్గరా ఒక వాల్వో, ప్యాకింగో సముద్రపు పూర్తి ఒత్తిడిని ఆపుతూ ఉంటుంది. దూరంగా పేలిన పీపా గొట్టాన్ని ఏమీ చేయకపోయినా ఈ కీళ్లను కదిలిస్తుంది. 1945 ఏప్రిల్ 14న స్కాట్లాండ్ తీరంలో యూ-1206 పోగొట్టుకోవడానికి కారణం మరుగుదొడ్డి వాల్వు అని చాలామంది నవ్వుతూ చెప్పుకుంటారు. నాకు అందులో నవ్వు కనిపించదు. పాత పడవల్లో మరుగుదొడ్డిని లోతులో వాడే వీలు లేదు. బయటి ఒత్తిడికి ఎదురుగా దేన్నీ బయటికి తోయలేరు. లోతులోనూ పనిచేసేలా చేసిన కొత్త ఏర్పాటులో వాల్వులను ఒక వరుసలోనే తెరవాలి, మూయాలి. వరుస తప్పింది, నీరు లోపలికి దూకి, కింద ఉన్న బ్యాటరీల్లో పడి క్లోరిన్ వాయువు పుట్టింది. పైకి రాక తప్పలేదు, పైన విమానాలు ఉన్నాయి. నలుగురు చనిపోయారు. బాయిలరు హౌసులో వాల్వు వరుస తప్పి చేతులు కాల్చుకున్నవారిని చూసినవాడు ఎవడూ దీన్ని హాస్యంగా చెప్పలేడు.

జర్మన్లు గొట్టాన్ని మందం చేయడానికి ప్రయత్నించారు. టైప్ 7సీ/41లో లోపలి యంత్రాల బరువు తగ్గించి, ఆ మిగిలిన బరువును పలకలో పెట్టి మందాన్ని 21 మిల్లీమీటర్లకు పెంచారు. రూపకల్పన లోతు 120 మీటర్లయింది. కీల్ దగ్గర లాబో ఊరి ఇసుకలో 1972 నుంచి ప్రదర్శనకు ఉన్న యూ-995 ఈ రకమే. 28 మిల్లీమీటర్ల పలకతో 7సీ/42 అనే రకాన్ని గీశారు, కానీ ఒక్కటి కూడా పూర్తి కాలేదు. 1943 మే ఒక్క నెలలోనే 41 పడవలు పోయాక, కొంచెం లోతు పెంచితే సరిపోదని తేలిపోయి, నీటి కిందనే వేగంగా నడిచే టైప్ 21 మీద ఆశలన్నీ పెట్టుకున్నారు. దాన్ని ఎనిమిది ముక్కలుగా లోతట్టు ప్రాంతాల కర్మాగారాల్లో చేయించి, ఓడరేవులకు తెచ్చి అతికించారు. ఆ కర్మాగారాల్లో చాలావాటికి నౌక కట్టిన అనుభవం లేదు. ఒక ముక్క అంచు మరో ముక్క అంచుతో కలవకపోతే ఏమవుతుందో వెల్డింగు షాపులో పనిచేసిన ఎవరినైనా అడగండి. రెండు రింగులు కొన్ని మిల్లీమీటర్లు ఎగుడుదిగుడుగా ఉంటే, జాకీలతో లాగి, వెల్డింగు లోహంతో సందు పూడ్చి, పైన నున్నగా గ్రైండింగు చేసి చూపిస్తారు. లోపలి నుంచి ఒత్తిడి ఉండే ట్యాంకులోనే నేను దాన్ని ఒప్పుకునేవాణ్ణి కాదు. బయటి ఒత్తిడికి అదే సరిగ్గా కావలసిన సందు. 118 పడవలు నౌకాదళంలో చేరినా, యుద్ధం ముగిసేలోపు వేటకు బయలుదేరినవి రెండే.

కాని ఆ రూపం నిలిచిపోయింది. యుద్ధం తరువాత అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ తమకు దొరికిన టైప్ 21 పడవలను విప్పి చూసి నేర్చుకున్నాయి. సోవియట్లు ఆ పాఠాలతో కట్టిన జూలు తరగతి, దాని తరువాత వచ్చిన ఫాక్స్‌ట్రాట్ తరగతి ఆ వరుసలోవే. 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబడిన కుర్సుర ఒక ఫాక్స్‌ట్రాట్. మా మనవడు చేయి పెట్టి తడిమిన ఆ గోడ వెనుక ఇంత కథ ఉందని అప్పుడు వాడికి చెప్పలేకపోయాను. టిక్కెట్టు వెనుక మూడు అంకెల బొమ్మ గీసి ఇచ్చాను.

ఈనాడు అంకెలు ఎలా నిర్ణయిస్తారన్నది కొంత ఈ అనుభవాల ఫలితమే. 1963 ఏప్రిల్ 10న అమెరికన్ అణు జలాంతర్గామి థ్రెషర్ లోతు పరీక్షలో 129 మందితో పోయింది. గొట్టం కాదు, సముద్రపు నీరు తెచ్చే ఒక పైపు అతుకు ముందు వీగిపోయి ఉంటుందనీ, ట్యాంకులు ఊదే గాలి దారిలో తేమ గడ్డకట్టి మూసుకుపోయిందనీ విచారణలో తేలింది. ఆ తరువాత అమెరికన్లు సముద్రపు ఒత్తిడి తగిలే ప్రతి అతుకుకూ, ప్రతి వాల్వుకూ, ఏ లోహం, ఎవరు అతికించారు, ఎవరు తనిఖీ చేశారు అన్న కాగితం లేనిదే పడవను లోతుకు పంపకూడదన్న నియమం పెట్టుకున్నారు. కాగితాలు రాసి రాసి విసిగిపోయే యువ తనిఖీదారులకు నేను చెప్పేది ఇదే: ఆ సంతకం కింద మనుషులు పడుకుంటారు. ఇప్పటి పడవలు 25 నాట్లతో నీటి కింద నడుస్తాయి, ఇరవై డిగ్రీల వాలుతో అవి 100 మీటర్లు దిగడానికి అర నిమిషం కూడా పట్టదు. అందుకే వేగం ఎక్కువగా ఉన్నప్పుడు ఎంత లోతులో ఉండవచ్చునో వేరే పట్టికలు ఉంటాయి. గొట్టం ఒకసారి కిందికి దిగి పైకి వచ్చిన ప్రతిసారీ ఉక్కు ఒకసారి నొక్కుకుని వదులవుతుంది. ఏళ్ల తరబడి అలా జరిగాక వెల్డుల పక్కన సన్నని పగుళ్లు పుట్టవచ్చు కాబట్టి, పెద్ద మరమ్మతు అయ్యాక మళ్లీ కొలిచి, మళ్లీ పరీక్షించి గాని పాత అంకెను పడవకు తిరిగి ఇవ్వరు. కొన్నిసార్లు తగ్గించి ఇస్తారు.

2021 ఏప్రిల్ 21న ఇండోనేషియా జలాంతర్గామి నంగాలా బాలి ద్వీపానికి ఉత్తరాన టార్పెడో అభ్యాసం కోసం మునిగి, మళ్లీ మాట్లాడలేదు. అది కూడా కీల్ నగరంలోనే కట్టిన పడవ, 1981 నాటిది, అప్పటికి నలభై ఏళ్లది. లోపల 53 మంది ఉన్నారు. మరునాడే మన విశాఖపట్నం నుంచి భారత నౌకాదళం తన లోతు రక్షణ వాహనాన్ని ఒక నౌక మీద ఎక్కించి అటు పంపింది. ఆ రెండు రోజులు నేను వార్తలు వదలకుండా చూశాను. మా ఇంటి నుంచి ఓడరేవు ఎంతో దూరం లేదు, ఆ వాహనం వెళ్తున్నది ఎవరి కోసమో తలచుకుంటూనే ఉన్నాను. లోపల గాలి ఎన్ని గంటలు సరిపోతుందని టీవీలో లెక్కలు చెబుతున్నారు. నేను మాత్రం అక్కడి సముద్రం లోతు ఎంతని వెతికాను. 25వ తేదీన పడవ మూడు ముక్కలై 838 మీటర్ల అడుగున కనిపించింది. విశాఖ నుంచి బయలుదేరిన వాహనం మనుషులను పైకి తేగల లోతు 650 మీటర్లు.